తుమ్ములకు కారణం వీధిలో చెట్టా, మీ పరుపా?

విశాఖలో అక్టోబరు వచ్చిందంటే చీకటి పడేసరికి చాలా వీధుల్లో ఏడాకుల చెట్టు పూల ఘాటు మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊళ్లో చాలా చెట్లు కూల్చేశాక, తొందరగా నీడ వస్తుందని నాటినవాటిలో ఇవీ ఉన్నాయి. ఇప్పుడు ఎవరికి తుమ్ము వచ్చినా తిట్లు ఆ చెట్టుకే. అందులో కొంత న్యాయం ఉంది, కొంత లేదు. తీరప్రాంతపు తేమలో ముక్కు బాధలకు కారణాలు ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోతాయి. మందుల షాపుకి వెళ్లేముందు ఓ వారం పాటు రెండే విషయాలు క్యాలెండర్ మీద రాసుకోండి: ఏ వేళకి ఎక్కువైంది, ఎక్కడికి వెళ్తే తగ్గింది. కింద చెప్పేదంతా ఆ రెండింటి మీదే నడుస్తుంది.

ముందుగా, అది అసలు ఎలర్జీయేనా?

దురద ఉందేమో చూసుకోండి. ముక్కు, కళ్లు, అంగిలి దురద పెడుతూ, నీళ్లలా కారుతూ, వరసపెట్టి తుమ్ములొస్తే ఎలర్జీ అనుకోవచ్చు. ఎలర్జీకి జ్వరం రాదు. ఒళ్లునొప్పులు, జ్వరంతో మొదలై వారం పది రోజుల్లో సర్దుకుంటే అది వైరస్ వల్ల వచ్చిన జలుబో, ఫ్లూనో. ముక్కు ఎప్పుడూ ఒక పక్కే మూసుకుపోతున్నా, రక్తం పడుతున్నా, ముఖం బరువెక్కి చిక్కటి చీమిడి వస్తున్నా ఈ వ్యాసం పక్కన పెట్టి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి.

సమస్య: సాయంత్రమైతే తలనొప్పి, ముక్కు దిబ్బడ. వాసన తగిలినప్పుడే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇలా ఉంటే ఏడాకుల చెట్టుని అనుమానించడం సబబే. అయితే ఇక్కడ ఎక్కువగా బాధపెట్టేది వాసన. ఈ పూల పుప్పొడిని మోసేది ముఖ్యంగా పురుగులు. సరుగుడు పుప్పొడిలా గాలికి దూరాలు పోయే రకం కాదు. ఘాటు వాసన మాత్రం సున్నితమైన ముక్కునీ, ఆస్తమా ఉన్నవాళ్ల ఊపిరితిత్తులనీ రెచ్చగొడుతుంది. రాత్రి గాలి స్తంభిస్తే ఆ ఘాటు వీధిలోనే నిలబడిపోతుంది. ఇది ఎలర్జీ కన్నా చికాకు కాబట్టే చాలామందికి ఎలర్జీ మాత్ర సెట్రిజిన్ వేసుకున్నా పెద్దగా తేడా కనపడదు.

పొద్దు గూకేముందే చెట్టువైపు కిటికీలు మూసేయండి. సాయంత్రం నడకని ఉదయానికి మార్చండి. ఆ వాసన పోగొట్టడానికని సాంబ్రాణి, అగరొత్తులు వెలిగించొద్దు, ముక్కుకి అదీ పొగే. చెట్టు కొట్టించాలని పోట్లాడేకన్నా, మొగ్గ తొడగకముందే, అంటే సెప్టెంబరు లోపు కొమ్మలు కత్తిరించమని మున్సిపాలిటీలో అర్జీ పెట్టడం మేలు. పూత మీదున్నప్పుడు పెట్టే అర్జీతో ఆ ఏడాదికి ఒరిగేదేం ఉండదు.

తర్వాత కాయలు పగిలి నూగుతో గింజలు గాల్లో ఎగురుతాయి. ఎండాకాలంలో బూరుగు దూది కూడా అంతే. వాటిని చూసి ‘పుప్పొడి పుప్పొడి’ అని కంగారుపడతారు. పుప్పొడి రేణువు విడిగా కంటికి ఆనదు. గడ్డి పుప్పొడి వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు.

సమస్య: నిద్ర లేస్తూనే వరస తుమ్ములు. బయటికి వెళ్తే నయం.

పరుపు. కోస్తాలో ఎక్కువగా అనుమానించాల్సింది దీన్నే, ఎక్కువమంది పట్టించుకోనిదీ దీన్నే.

పరుపులో, దిండులో డస్ట్ మైట్లు అనే కంటికి కనపడని పురుగులుంటాయి. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు వాటి తిండి. గాల్లో తేమే వాటికి నీళ్లు. తేమ 50 శాతం లోపు ఉంటే అవి బతకలేవు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో ఆ అంకె ఏసీ లేని గదిలో ఎన్ని రోజులు కనపడుతుంది? ఇవి కుట్టవు. వాటి రెట్టే ముక్కులోకి పోయి బాధ పెడుతుంది. దీనికి సీజను లేదు, కానీ నవంబరులో చలి మొదలవగానే అటక మీది రగ్గులు, దుప్పట్లు దించి అలాగే కప్పేసుకుంటాం. సరిగ్గా అవే వారాల్లో ఏడాకుల చెట్టు పూస్తుంది. పాపం, నింద దానికి.

దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకాలి. మెషీన్‌లో ఆ సౌకర్యం లేకపోతే నీళ్లు విడిగా కాచి బకెట్లో నానబెట్టండి. గోరువెచ్చని నీళ్లకి మైట్లు చావవు. పరుపుని ఎండలో వేస్తే పురుగులు తగ్గుతాయి గానీ రెట్ట అందులోనే ఉంటుంది. అందుకే దులిపి, పరుపుకీ దిండుకీ మొత్తం మూసుకునే జిప్పు కవరు తొడగాలి. దులిపే పని ఎలర్జీ ఉన్న మనిషికి అప్పజెప్పకండి. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. ఏసీ ఉంటే గాల్లో తేమ లాగే డ్రై మోడ్ వాడండి, ఫిల్టరు రెండు వారాలకోసారి కడగండి.

ఫలితం రాత్రికి రాత్రే రాదు, కొన్ని వారాలు పడుతుంది. ఇవన్నీ చేసినా తగ్గకపోతే గోడ చూడండి. తుపాను వానలకి చెమ్మెక్కిన గోడకి ఆనించిన బీరువా వెనక నల్లమచ్చలు కనపడితే అది బూజు. గీకి రంగు వేయడం వల్ల లాభం లేదు. నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో ఆ పగులు మూయించాలి.

సమస్య: బయట తిరిగితే కళ్ల దురద, తుమ్ములు. కొన్ని నెలల్లోనే.

ఇది నిజంగా పుప్పొడే. గాలికి కొట్టుకొచ్చే రకాలు: ఫిబ్రవరి-ఏప్రిల్ మధ్య, మళ్లీ సెప్టెంబరు-అక్టోబరులో సరుగుడు, వానల తర్వాత గడ్డిజాతులు, ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ. కోనసీమలో కొబ్బరి ఏడాదంతా పూస్తూనే ఉంటుంది.

బీచ్ దగ్గర గాలి శుభ్రమని అందరూ అనుకుంటారు. పగలు సముద్రం మీంచి వచ్చే గాలిలో పుప్పొడి తక్కువే, నిజమే. కానీ బాపట్ల, చీరాల తీరంలోలా ఇసుక మీదే సరుగుడు తోటలుంటే, సముద్రపు గాలి ఆ తోట దాటుకునే ఊళ్లోకి వస్తుంది. మీ ఇంటికీ నీళ్లకీ మధ్య ఏముందో చూసుకోండి. తోట లేకపోతే మధ్యాహ్నం కిటికీలు తెరవండి, నేల మీంచి గాలి వీచే రాత్రిపూట మూయండి. ఉంటే సరుగుడు పూసే నెలల్లో దీనికి తిరగేయండి.

ఫోన్లో కనపడే ఏక్యూఐ పుప్పొడి లెక్క కాదు, అది ధూళి, పొగ, వాయువుల కొలత. యాప్‌లలో వచ్చే పుప్పొడి అంకె కూడా సాధారణంగా వాతావరణాన్ని బట్టి వేసిన అంచనాయే. చండీగఢ్‌కి ఏ నెలలో ఏ పుప్పొడో చెప్పే క్యాలెండరు తయారైంది. మనకి మన క్యాలెండరు మీద గీతలే గతి.

బండి మీద వెళ్తే మాస్కు, కళ్లజోడు. ఇంటికి రాగానే మొహం కడిగి, బట్టలు మార్చుకోండి. ఆ నెలల్లో మేడ మీద ఆరేసిన తువ్వాలు మొహానికి రుద్దుకోకండి. వయ్యారిభామని పూత రాకముందు, చేతికి తొడుగుతో పీకాలి. ఒట్టి చేత్తో పీకితే చర్మం కూడా దద్దుర్లెక్కుతుంది.

సమస్య: మందులు వాడుతున్నా తగ్గట్లేదు.

చుక్కల మందుతో మొదలుపెడదాం. ముక్కు తెరుచుకోడానికి వేసే జైలోమెటాజొలిన్, ఆక్సీమెటాజొలిన్ చుక్కలు నిమిషాల్లో పనిచేస్తాయి. అదే వాటితో చిక్కు. ఐదు రోజులు దాటితే మందు వల్లే ముక్కు దిబ్బడ కడుతుంది, అది తగ్గడానికి మళ్లీ అదే మందు. ఆ వలయంలో ఉంటే డాక్టరుని అడిగి మాన్పించుకోవాలి.

ఫ్లూటికసోన్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రే దీనికి సరిగ్గా వ్యతిరేకం. పూర్తిగా పనిచేయడానికి వారం, రెండు వారాలు పడుతుంది. మూడో రోజున ‘ఇదేం పనిచేయట్లేదు’ అని పారేసేవాళ్లే ఎక్కువ. డాక్టరు రాస్తే సీజనుకి రెండు వారాల ముందే మొదలుపెట్టొచ్చు. కొట్టే పద్ధతి ముఖ్యం. తల కొంచెం వంచి, కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో పట్టుకుని, మొన చెవివైపు తిప్పి కొట్టాలి. మధ్య దూలానికి కొడితే రక్తం వస్తుంది. గట్టిగా పీలిస్తే మందంతా గొంతులోకి జారి చేదుగా తగులుతుంది, ముక్కుకి మిగిలేదేం లేదు.

సెట్రిజిన్ నిద్ర తెప్పిస్తుంది, బండి నడిపేవాళ్లు రాత్రి వేసుకోవాలి. నిద్ర తక్కువ తెప్పించే ఫెక్సోఫెనడిన్‌ని పండ్ల రసంతో కాకుండా నీళ్లతోనే వేసుకోండి. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం మంచిదే, కానీ కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. కుళాయి నీళ్లు వద్దు, అమీబా భయం ఉంది. తుమ్ములొచ్చినప్పుడల్లా వీధి చివర వేయించుకునే స్టెరాయిడ్ ఇంజెక్షను మాత్రం మానేయండి. దానికి తగ్గినట్టే ఉంటుంది, షుగరు, బీపీ పెరిగాక గాని తెలియదు.

సమస్య: ఈదురుగాలుల వాన తర్వాత ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు.

వాన పుప్పొడిని కడిగేస్తుందన్నది సగం నిజం. ఉరుముల వాన మొదట్లో వీచే గాలి, తేమకి పగిలిన పుప్పొడి ముక్కల్ని కిందికి తోస్తుంది. అవి ముక్కు దాటి ఊపిరితిత్తుల్లోకి పోయేంత సన్నవి. 2016 నవంబరు 21న మెల్‌బోర్న్‌లో ఇలాగే వేలమంది ఆస్పత్రుల పాలయ్యారు, పదిమంది చనిపోయారు. పిల్లికూతలు, రాత్రి దగ్గు ఉన్నవాళ్లు మబ్బు పట్టగానే లోపలికి వచ్చి కిటికీలు మూసుకోవాలి, ఇన్‌హేలరు చేతికందేలా పెట్టుకోవాలి. వాక్యం పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలిరంగుకి తిరిగినా ఆవిరి, బామ్ అంటూ కాలయాపన చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇన్ని చూసుకున్నా కారణం తేలకపోతే చర్మ పరీక్ష ఉంది. ముంజేతి మీద ఒక్కో ఎలర్జీ కారకపు చుక్క వేసి సూదితో గుచ్చి, పావుగంట ఆగి ఏది దద్దురెక్కిందో చూస్తారు. సెట్రిజిన్ లాంటివి వాడుతూ వెళ్తే ఏదీ దద్దురెక్కదు. ఎన్ని రోజుల ముందు ఆపాలో (సాధారణంగా వారం) ఫోన్లోనే అడిగి వెళ్లండి. మీరు రాసుకున్న క్యాలెండరు కూడా పట్టుకెళ్లండి. పరీక్షలో ఏదైనా దద్దురెక్కినంత మాత్రాన మీ తుమ్ములకి అదే కారణమని కాదు. మీ తేదీలతో సరిపోలితేనే లెక్క.