తల్లి లేని కుక్కకూనను సాకే విధానం

కళ్లు తెరవని కుక్కకూన చేతికి రాగానే చాలామంది పాల కోసం పరుగెత్తుతారు. నిజానికి ముందుగా దానిని వెచ్చబరచాలి. ఒళ్లు చల్లబడిన కూనకు పాలు అరగవు. అట్టపెట్టెలో పాత నూలుచీర మడతలు పరిచి, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాను ఒక పక్కన మాత్రమే ఉంచితే, వేడి ఎక్కువైనప్పుడు కూన రెండో పక్కకు జరుగుతుంది. మొదటి వారం ఆ చోటు 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఆవుపాలకు బదులు పశువైద్యుడు సూచించిన పాలపొడిని వాడి, కూనను వెల్లకిలా కాక బోర్లా ఉంచి తాగించండి.

పాలు తాగిన ప్రతిసారీ గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన దూదితో పొట్ట కిందిభాగాన్నీ తోక కిందా మెల్లగా రుద్దండి. సుమారు మూడు వారాలు వచ్చేదాకా కూన తనంతట తాను విసర్జించలేదు. తల్లి నాకి ఆ పని చేయిస్తుంది. అయితే పని పూర్తయిందని అక్కడితో ఆపకండి; ఇంకాసేపు ఒళ్లంతా నిమరండి. తల్లికి దూరం చేసిన ఎలుకపిల్లల్లో ఒత్తిడి హార్మోను పెరుగుతుందనీ, పాలు పట్టడంతోపాటు తడి కుంచెతో నిమిరితే ఆ చెడు ప్రభావం చాలావరకు తగ్గుతుందనీ ప్రయోగాలు చూపాయి. తల్లి ఎక్కువగా నాకిన ఎలుకపిల్లలు పెద్దయ్యాక వాటి మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో ఆ హార్మోనును గుర్తించే గ్రాహకాలు ఎక్కువగా ఉన్నాయని 1997లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ మీనీ బృందం ప్రకటించింది. ఆ గ్రాహకాలు తగినన్ని ఉన్నప్పుడే ఒత్తిడి హార్మోను ‘ఇక చాలు’ అన్న సంకేతం మెదడు నుంచి త్వరగా వెలువడి, బెదురు సద్దుమణుగుతుంది. ఎలుకల్లో తేలినదంతా కుక్కలకు యథాతథంగా వర్తించకపోవచ్చు గానీ, నిమరడం మాత్రం మానకూడదని నా దృఢమైన అభిప్రాయం. నేను సాకిన ఒక నల్లకూన పొట్ట నిండినా కుయ్‌కుయ్‌మంటూ నా మోచేతి మడతలో మూతితో కుమ్ముతూనే ఉండేది; తడిదూదితో నుదుటి నుంచి తోక దాకా నిమిరితే కాసేపటికే వెనుక కాళ్లు చాపి నిద్రపోయేది.

మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు తోడు చాలా అవసరం. తోబుట్టువులు ఉంటే విడదీయకండి; ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో కూన వాటితో ఆడుకుంటూనే నేర్చుకుంటుంది. ఒంటరిదైతే, టీకాలు వేసిన నెమ్మదైన పెద్దకుక్క దగ్గర రోజూ కొంతసేపు ఉంచండి.

వీధిలో కూన కనబడగానే ఎత్తుకురావద్దు. తల్లి తిండికోసం వెళ్లి ఉండవచ్చు కనుక, కూన వెచ్చగా, నిశ్శబ్దంగా ఉంటే దూరంగా నిలబడి గమనించండి. ఇక కొని తెచ్చుకునేవారు, నెల దాటగానే ఇచ్చేస్తామని అమ్మేవారు తొందరపెట్టినా ఒప్పుకోకండి. ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదని మన దేశంలో 2017 నాటి నిబంధనలే చెబుతున్నాయి. అప్పటిదాకా దానిని తల్లి దగ్గరే ఉంచమని అడగండి, వీలైనప్పుడల్లా వెళ్లి చూసి రండి.