కారు సమస్య - పరిష్కారం: పార్టు మార్చే ముందు లక్షణం చూడండి

జాబ్ కార్డు మీద నాకు ఎక్కువగా కనిపించే మాటలు మూడు: "శబ్దం వస్తోంది", "పికప్ లేదు", "లైటు వెలిగింది". వీటిని పట్టుకుని కారు కిందికి దూరితే పూటంతా గడిచిపోతుంది కానీ పని తేలదు. అదే ఓనరు "పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే వస్తుంది, ఇంజిన్ వేడెక్కాక పోతుంది" అని చెబితే సగం పని అక్కడే అయిపోతుంది. డీలర్‌షిప్ వర్క్‌షాప్‌లో టెక్నీషియన్‌గా నేను గట్టిగా చెప్పేది ఒకటే. సమస్య ఎప్పుడు వస్తోంది, ఏ స్పీడులో వస్తోంది, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా, బ్రేకు వేసినప్పుడా మలుపు తిప్పినప్పుడా అన్నది తేలకుండా ఒక్క పార్టు కూడా మార్చకూడదు. ఊహ మీద మారిస్తే డబ్బు పోతుంది, సమస్య అలాగే ఉంటుంది.

కారు స్టార్ట్ కావడం లేదు

ముందు చెవి పెట్టి వినండి. ఒక్కో శబ్దం ఒక్కో దారి చూపిస్తుంది.

టకటకటక మని వరసగా కొట్టుకుంటే బ్యాటరీలో పవర్ చాలడం లేదు, లేదా ఉన్న పవర్ సెల్ఫ్ మోటారు దాకా చేరడం లేదు. చాలామంది ఇక్కడే నేరుగా కొత్త బ్యాటరీ కొనేస్తారు. ముందు టెర్మినల్స్ చూడండి. తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే విప్పి, వేడినీళ్లతో కడిగి, బ్రష్‌తో గీకి, ఆరాక బిగించండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఈ వరస తప్పితే పాజిటివ్ మీదున్న స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

తర్వాత మల్టీమీటర్ తీయండి. కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక కొలిస్తే ఫుల్ చార్జ్ బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 ఉంటే చార్జ్ సగానికి పడిపోయినట్టు. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి జారితే ముందు బ్యాటరీని ఫుల్‌గా చార్జ్ చేసి మళ్లీ చూడాలి. అప్పుడూ జారితే బ్యాటరీ అయిపోయినట్టే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొత్త కార్లలో కంప్యూటరే చార్జింగ్‌ను తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. కాబట్టి ఒక్క క్షణం తక్కువ చూపించిందని ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసేది) పోయిందనుకోవద్దు. లైట్లు, ఏసీ వేసి కాసేపు చూడండి.

చాలామంది చూడని టెస్టు ఒకటుంది. మీటర్ ఎర్ర తీగను బ్యాటరీ పోస్టు మీద, అంటే సీసం ముక్క మీదే, పెట్టండి. నల్ల తీగను అదే పోస్టుకు బిగించిన క్లాంపు మీద పెట్టండి. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. మీటర్ దాదాపు సున్నా చూపించాలి. అర వోల్టు చూపించిందంటే ఆ రెండు లోహాల మధ్య కంటికి కనిపించని పొర ఉంది, పవర్ అక్కడే వృథా అవుతోంది. బయటికి శుభ్రంగా కనిపించే టెర్మినల్ కూడా ఈ టెస్టులో దొరికిపోతుంది. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగను కూడా ఇలాగే చూడాలి.

ఒక పాత అలవాటు మాత్రం మానేయండి. ఆల్టర్నేటర్ బాగుందో లేదో చూడ్డానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకకండి. వోల్టేజ్ ఒక్కసారి ఎగిరి ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, కాలిపోవచ్చు. పనంతా మీటర్‌తోనే అయిపోతుంది.

లైట్లు బాగా వెలుగుతూ ఒక్కసారి మాత్రం టక్ మని ఆగిపోతే సెల్ఫ్ మోటారునో, దానికి పవర్ కలిపే స్విచ్ లాంటి సొలనాయిడ్‌నో, అక్కడికి వెళ్లే మందపు తీగనో అనుమానించాలి. అసలు ఏ శబ్దమూ లేకపోతే ముందు తేలికవి చూడండి: గేరు పార్క్‌లో ఉందా, క్లచ్ పూర్తిగా తొక్కారా, కీలో బ్యాటరీ అయిపోయిందా, డాష్‌బోర్డు మీద తాళం బొమ్మ మినుకుమంటోందా. ఇంజిన్ గిరగిరా తిరుగుతూ అంటుకోకపోతే బ్యాటరీ జోలికి వెళ్లక్కర్లేదు. పెట్రోలు అందడం లేదు, లేదా స్పార్క్ లేదు. చాలా పెట్రోలు కార్లలో ఇగ్నిషన్ ఆన్ చేయగానే వెనక సీటు వైపు నుంచి ఒకటి రెండు సెకన్లు పంపు సన్నగా మోగుతుంది. అది వినిపించకపోతే ఫ్యూజు, రిలే, పంపు వరసగా చూడాలి. వేడి మీద ఆగిపోయి, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యే కారులో నేను మొదట చూసేది క్రాంక్ సెన్సర్, అంటే ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకి చెప్పే సెన్సర్.

కొత్త బ్యాటరీ కూడా రాత్రికి రాత్రి డౌన్ అవుతుంటే కారు ఆగి ఉన్నప్పుడు ఏదో పవర్ తాగుతోంది. కారు లాక్ చేసి కనీసం అరగంట వదిలేయాలి, లోపలి కంప్యూటర్లు నిద్రలోకి వెళ్లడానికి ఆ టైమ్ కావాలి. ఆ తర్వాత కూడా 50 మిల్లీ ఆంపియర్లు దాటి లాగుతుంటే అనుమానించాలి. బయట బిగించిన మ్యూజిక్ సిస్టమ్, డ్యాష్‌క్యామ్, ఆరిపోని డిక్కీ లైటు, వీటితో మొదలుపెట్టండి.

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది

లైటు నిలకడగా వెలుగుతూ కారు మామూలుగా నడుస్తుంటే టెన్షన్ అక్కర్లేదు, వీలు చూసుకుని స్కాన్ చేయించండి. మినుకుమినుకు మంటూ ఇంజిన్ కూడా కుదుపుతుంటే మాత్రం యాక్సిలరేటర్ వదిలేసి పక్కకు ఆపండి. కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. ఆ వేడికి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల కరిగిపోతుంది. స్పార్క్ ప్లగ్‌తో పోయేది కన్వర్టర్ దాకా వస్తుంది.

కారు కంప్యూటర్‌కు తగిలించి చదివే స్కానర్ ఇచ్చే కోడు పార్టు పేరు కాదు. ఈసీయూకి ఏం తేడాగా కనిపించిందో ఆ కోడు చెబుతుంది, అంతే. ఈ ఒక్క విషయం తెలియక జనం ఎంత డబ్బు పోగొట్టుకుంటున్నారో చూస్తుంటే బాధేస్తుంది.

పీ0171 తీసుకోండి. దీనర్థం ఇంజిన్‌లో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. కోడు చూసి ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) మార్చేసేవాళ్లు ఎక్కువ. ఆ సెన్సర్ చేసిన తప్పేమీ లేదు, ఉన్న మాట చెప్పింది. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అని ఉంటుంది, ఈసీయూ అదనంగా ఎంత శాతం పెట్రోలు కలుపుతోందో అందులో కనిపిస్తుంది. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఆడుతున్నప్పుడు, +20 ఉండి, 2500 ఆర్‌పీఎమ్‌కి వెళ్లగానే మామూలు స్థాయికి దగ్గరగా పడిపోతే ఎక్కడో గాలి లోపలికి లీక్ అవుతోంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ కాబట్టి ఆ చిన్న పగులు పెద్ద తేడా తెస్తుంది, రేజ్ చేస్తే అది లెక్కలోకి రాదు. అప్పుడు వ్యాక్యూమ్ పైపులు, ఇన్‌టేక్ గాస్కెట్ చూడాలి. ఐడిల్‌లో బాగుండి లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోలు చాలడం లేదు, లేదా గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ మీద దుమ్ము పట్టింది. దానికోసమే అమ్మే క్లీనర్ కొట్టి ఆరనిచ్చి మళ్లీ చూడండి. లోపలి తీగను వేలితో గానీ గుడ్డతో గానీ ముట్టుకోవద్దు.

పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్, అంటే పెట్రోలు సరిగ్గా అంటుకోవడం లేదు. ప్లగ్‌కు స్పార్క్ పవర్ ఇచ్చే కాయిల్‌ను ఒకటో సిలిండర్ నుంచి తీసి మూడోదానికి, మూడోది ఒకటోదానికి మార్చి కాసేపు నడపండి. కోడు పీ0303గా మారితే దోషం కాయిల్‌తోపాటే వెళ్లింది, కాయిల్ మార్చండి. మారకపోతే ప్లగ్‌తో ఇదే పని చేయండి. అదీ కాకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్. పైసా ఖర్చు లేకుండా తేలే విషయం ఇది.

పీ0420 వస్తే కన్వర్టర్ పనితనం తగ్గినట్టు కనిపిస్తోందని అర్థం. అది ఖరీదైన పార్టు, తొందరపడొద్దు. సైలెన్సర్ పైపులో లీకు ఉన్నా ఈ కోడు రావచ్చు. వేడెక్కిన ఇంజిన్ మీద వెనక ఆక్సిజన్ సెన్సర్ రీడింగ్ నిలకడగా ఉండాలి. ముందు సెన్సర్‌లాగే అదీ పైకీ కిందికీ ఊగుతుంటే కన్వర్టర్ నిజంగానే పోయింది. అప్పుడు కూడా ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది వేయొద్దు. మిస్సింగ్, ఆయిల్ తాగడం లాంటిది ఏదో దాన్ని చంపి ఉంటుంది. అది సరిచేయకపోతే కొత్తదీ అదే దారిన పోతుంది.

కోడు చెరిపేసే ముందు స్క్రీన్ ఫొటో తీసుకోండి. ఆ కోడు పడిన క్షణంలో స్పీడు, ఆర్‌పీఎమ్, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి ఎంతున్నాయో ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటాయి. కోడు చెరిపితే అవీ పోతాయి.

ఇంజిన్ హీట్ ఎక్కుతోంది

ట్రాఫిక్‌లో ఎక్కి, రోడ్డు మీద స్పీడు అందుకోగానే దిగిపోతే రేడియేటర్ ఫ్యాన్ చూడండి: మోటారు, రిలే, ఫ్యూజు. హైవే మీద ఎక్కితే ఫ్యాన్ తప్పు కాదు, ఆ స్పీడులో గాలి దానంతట అదే వస్తుంది. కూలెంట్ తగ్గిందా, కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ మూసుకుపోయిందా, రేడియేటర్ లోపల పూడుకుపోయిందా, వాటర్ పంపు తిప్పుతోందా అని చూడాలి.

ముల్లు ఎర్ర గీతకు చేరితే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ పెట్టి, పక్కకు ఆపి ఇంజిన్ ఆఫ్ చేయండి. వేడి మీద రేడియేటర్ మూత తీయడం మాత్రం వద్దే వద్దు. లోపల ప్రెజర్ ఉంటుంది కాబట్టి కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులైన క్షణం ప్రెజర్ పోయి, అంతా ఒక్కసారి మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. పూర్తిగా చల్లారేదాకా ఆగండి. అలాగే, ఎర్ర గీత దగ్గరున్న ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోయి, హీటర్ నుంచి చల్లటి గాలి వస్తుంటే సంతోషపడొద్దు. కూలెంట్ ఖాళీ అయిపోయి సెన్సర్ గాలిలో ఉండిపోయిందేమో చూడాలి.

బయట ఎక్కడా లీకు లేకుండా కూలెంట్ తగ్గుతుంటే, తియ్యటి వాసనతో తెల్ల పొగ వస్తుంటే, ఆయిల్ మూత కింద పాలమీగడ రంగు కనిపిస్తుంటే హెడ్ గాస్కెట్‌ను (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కూ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. పొద్దున చలిలో చిన్న ప్రయాణాలే చేసే కారులో మూత కింద కాస్త మీగడ కట్టడం మామూలే, అదొక్కటే చూసి ఇంజిన్ విప్పించొద్దు. కూలెంట్‌లో ఇంజిన్ పొగ కలుస్తోందేమో చూసే నీలి రంగు ద్రవం టెస్టు ఉంటుంది, పొగ తగిలితే అది పసుపు రంగుకు మారుతుంది. ఆ టెస్టు చేయించాకే హెడ్ దింపమనండి.

ఎర్ర ఆయిల్ లైటు గురించి ఒకే మాట: వెలగగానే ఇంజిన్ ఆపేయాలి. డిప్‌స్టిక్‌లో ఆయిల్ సరిగ్గానే ఉన్నా మళ్లీ స్టార్ట్ చేయకుండా టో చేయించండి.

బ్రేకులు

సన్నగా కీచుమంటే ప్యాడ్‌లోని వేర్ ఇండికేటర్ డిస్కుకు తగులుతుండొచ్చు, ప్యాడ్లు మార్చే టైమ్ వచ్చింది. గరగరమంటే ఇనుము ఇనుమును కోస్తోంది, ఇక నడపొద్దు. వాన రాత్రి తర్వాత పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు వచ్చి పోయే శబ్దం డిస్కు మీది పైపై తుప్పు, పట్టించుకోనక్కర్లేదు. బ్రేకు వేస్తే పెడల్, స్టీరింగ్ అదురుతుంటే డిస్కు మందం ఒకచోట ఒకలా అయింది.

కారు ఒక పక్కకు లాగుతుంటే, కాసేపు నడిపాక ఒక చక్రం మాత్రం మిగతావాటికంటే బాగా వేడెక్కుతుంటే ఆ చక్రం క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కేది) బిగుసుకుంది. చాలాసార్లు స్లైడ్ పిన్నులు విప్పి శుభ్రం చేసి, సరైన గ్రీజు పెడితే చాలు. ప్యాడ్లు ఒకటి బాగా అరిగి, రెండోది మందంగా ఉండటమే దీనికి గుర్తు.

పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్‌లో గాలి ఉంది. తొక్కి పట్టుకుంటే మెల్లగా నేలకు దిగిపోతుంటే లీకు ఉంది, లేదా పెడల్ ఒత్తిడిని బ్రేక్ ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ పోయింది, ఆ కారు బయటికి తీయొద్దు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెడల్ మెత్తబడటానికి ఇదొక కారణం. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి, కిలోమీటర్లు తిరగకపోయినా సరే.

అదురు, శబ్దం, ఏసీ

80 - 100 కిలోమీటర్ల స్పీడులో స్టీరింగ్ అదిరితే వీల్ బ్యాలెన్సింగ్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలిస్తే టకటకమంటే బయటి సీవీ జాయింట్ (చక్రం తిరిగినా దానికి ఇంజిన్ పవర్ అందించే కీలు), దాని రబ్బరు బూటు చిరిగిందేమో చూడండి. స్పీడ్ పెరిగేకొద్దీ గుంయ్‌మనే మోత పెరిగి, ఒక వైపు మలుపులో ఎక్కువై ఇంకో వైపు తగ్గితే వీల్ బేరింగ్.

ఏసీ నడుస్తున్నప్పుడు చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడిగాలి కొడితే ముందు కండెన్సర్ ఫ్యాన్ చూడాలి. గాలే తక్కువ వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి, ఇంట్లోనే అయిపోయే పని. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కొన్ని నెలలకే మళ్లీ నింపమంటున్నారంటే ఎక్కడో లీకు ఉంది, అది పట్టకుండా నింపించుకోవద్దు.

రిపేరు అయ్యాక

బండి తీసుకునేటప్పుడు మార్చిన పాత పార్టు చూపించమని అడగండి, ఏ టెస్టుతో అది పోయిందని తేల్చారో కూడా అడగండి. సరిగ్గా పనిచేసినవాళ్లు సంతోషంగా చూపిస్తారు. సమస్య ఏ పరిస్థితిలో వచ్చేదో అదే పరిస్థితిలో టెస్ట్ డ్రైవ్ చేయాలి. చలి స్టార్టింగ్‌లో వచ్చే సమస్యకు కారును రాత్రంతా వర్క్‌షాప్‌లో ఉంచక తప్పదు, సాయంత్రానికే ఇచ్చేయమని పట్టుబట్టకండి. కోడు చెరిపాక ఈసీయూ తన పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకుంటుంది. స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లు, అంటే ఆ పరీక్షల జాబితా, పూర్తయ్యాయని కనిపించేదాకా లైటు ఆరి ఉన్నంత మాత్రాన పని అయినట్టు కాదు. కొన్ని రోజులు మామూలుగా తిప్పి మళ్లీ ఒకసారి స్కాన్ చేయించండి.