పట్టాలు, సీట్లు కుట్టడానికి పాత మిషన్ కొంటున్నారా?

మిర్యాలగూడలో రైస్ మిల్లులకు టార్పాలిన్ పట్టాలు, ట్రాక్టర్లకు సీట్లు, ఆటోలకు హుడ్లు కుట్టడం నా పని. కొత్తగా షాపు పెట్టే తమ్ముళ్లు సెకండ్ హ్యాండ్ మిషన్ బేరానికి నన్ను వెంట తీసుకుపోతుంటారు. అందరూ ముందు అడిగేది ఏ కంపెనీ అని. నేను ముందు చూసేది మిషన్ బట్టను ఎట్లా లాగుతుందో.

జూకీ డీడీఎల్ 8700 లాంటి మామూలు పవర్ మిషన్లో కింది పళ్లు ఒక్కటే బట్టను జరుపుతాయి. షర్టులకు అంతకన్నా మంచి మిషన్ అక్కర్లేదు. అదే ఫోమ్ మీద రెగ్జిన్ వేసి కుడితే కింది పొర జరుగుతుంది, పై పొర బట్టను నొక్కి పట్టే ఫుట్‌కు అతుక్కుని ఆగిపోతుంది. పొడుగు కుట్టు పూర్తయ్యేసరికి రెండు ముక్కల అంచులు కలవవు, సీటు మెలి తిరుగుతుంది. అంబ్రెల్లా మిషన్‌కు బలం ఎక్కువే, జీన్స్, సంచులు బాగా కుడుతుంది. కానీ లాగే పద్ధతి అదే. సీట్ల పనికి వాకింగ్ ఫుట్, అంటే పై పొరను కూడా లాగే ఫుట్ ఉన్న మిషన్ కావాలి. అందులోనూ సూది, లోపలి ఫుట్, కింది పళ్లు మూడూ కలిసి కదిలే రకమైతేనే తీసుకోండి. సింగర్ 111డబ్ల్యూ155, జూకీ ఎల్‌యూ 563, డీఎన్‌యూ 1541 ఆ రకానివి. అమ్మేవాళ్ల మాట మీద పోవద్దు. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. సూది, లోపలి ఫుట్ కిందికి దిగాక పళ్లతో పాటు వెనక్కి జరిగితే అది అసలైనది.

షాపులో మెత్తటి గుడ్డ మీద కుట్టి చూపిస్తారు. దాంతో ఏమీ తెలియదు. మీరు రోజూ కుట్టే రెగ్జిన్, ఫోమ్, పట్టా ముక్కలు, బాండెడ్ నైలాన్ దారం, 21, 22, 23 నంబర్ల సూదులు సంచిలో వేసుకుని పోండి. డీడీఎల్‌కు డీబీ×1 సూది, ఎల్‌యూ 563కు డీపీ×17 సూది. డీపీ×17 కాడ లావు, డీడీఎల్‌లో అది పట్టదు. ముందు రెండు పొరలు కుట్టండి, తర్వాత నాలుగు. ఆ తర్వాత మడత మీద మడత వచ్చే మందపాటి చోటు దాటించండి. అసలు పరీక్ష అక్కడే. మందం ఎక్కేటప్పుడు కుట్లు పొట్టిగా అయిపోతున్నాయా, వదిలేస్తున్నాయా చూడండి. రివర్స్ లివర్ ఉన్న మిషనైతే, అది నొక్కి కుడితే వెనక్కి వచ్చే కుట్టు కూడా అంతే పొడుగు ఉండాలి. ముక్కను తిప్పి అడుగు వైపు తప్పకుండా చూడండి. అక్కడ దారం ఉంగరాలు ఉంటే ముందు పై దారం టెన్షన్ సరిచేయించండి. అప్పుడూ పోకపోతే షటిల్ మీద, అంటే కింద తిరుగుతూ సూది దారాన్ని పట్టే కొక్కెం మీద అనుమానం పెట్టుకోండి.

షటిల్ మొన మీద గోరు పెట్టి చూడండి. మొద్దుబారినా గరుకుగా ఉన్నా ఖర్చు ఉన్నట్టే. సూది పూర్తిగా దిగి దాదాపు రెండు మిల్లీమీటర్లు పైకి లేచేసరికి ఆ మొన సూది వెనక, కన్నానికి కాస్త పైన ఉండాలి. కాస్త తేడా ఉంటే మెకానిక్ టైమింగ్ సరిచేస్తాడు. సూది బార్‌ను పట్టుకుని అటూ ఇటూ ఊపితే లొడలొడలాడే మిషన్‌ను మాత్రం ఎంత చవకైనా వదిలేయండి. బుష్షులు, బార్ మార్చే పని హెడ్ మొత్తం విప్పిస్తుంది.

మోటారు గురించి టెన్షన్ అక్కర్లేదు. పాత మిషన్లకు ఎక్కువగా క్లచ్ మోటారు ఉంటుంది. కాలు పెడితే ఒక్కసారిగా ఉరుకుతుంది, మందం దగ్గర చేయి అదుపు తప్పుతుంది. సర్వో మోటారు పెట్టించుకుంటే ఒక్కో కుట్టు నిదానంగా వేయొచ్చు, కరెంటు కూడా తక్కువ తాగుతుంది. కాకపోతే ఉన్న మోటారు త్రీ ఫేజ్‌దా, సింగిల్ ఫేజ్‌దా ముందే అడగండి. మీ షాపులో సింగిల్ ఫేజే ఉంటే కొత్త మోటారు డబ్బులు బేరంలో తగ్గించమనండి.

రంగు పోయినా, టేబుల్ పగిలినా పట్టించుకోకండి. బాబిన్ కేసు, ఫుట్, పళ్లు హైదరాబాద్‌లో దొరుకుతాయా అని డబ్బులు ఇవ్వకముందే ఫోన్లో కనుక్కోండి. ఇంటికి తెచ్చేటప్పుడు హెడ్‌ను టేబుల్ నుంచి విప్పి, ఆటోలో విడిగా బోరెం సంచుల మధ్య పెట్టండి. ఫుట్ కింద ఒక రెగ్జిన్ ముక్క ఉంచి ఫుట్‌ను దించేయండి.