అప్‌గ్రేడ్ కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు లెక్కలు రాస్తా. ఆదివారమైతే మా మేనల్లుడు, వాని దోస్తులు మా డాబా మీదికొస్తరు. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు ఏస్తం. ఆరడుగులు యుద్ధానికి, మిగిలిన రెండడుగులు పాచికలకు, చాయ్ గ్లాసులకు. ఆడేది గ్రిమ్‌డార్క్ ఫ్యూచర్, చిన్న బొమ్మల సైన్యాలను నడిపి పాచికలతోని ఆడే యుద్ధం ఆట. దాని అసలు రూల్స్ ఉత్తగనే దొరుకుతయి. బొమ్మలు ఏ కంపెనీవైనా నడుస్తయి, సీసా మూతకు అంటించిన కాగితం బొమ్మలైనా సరే. కొత్తగా సైన్యం రాసుకునేటోళ్లు పాయింట్లు (సిపాయిలను, వాళ్లకు మెరుగైన ఆయుధాల్లాంటి అప్‌గ్రేడ్‌లను కొనే ఆట పైసలు) ఎక్కడ పారబోస్తరో వీళ్లను చూస్తే ఎరుకైతది.

“మామా, గీ గన్ మస్తుంది, పెడ్దామా?” అంటడు అల్లుడు. మస్తుంటది రా, ఎవని మీద? వడ్లు కొనేటోడు బస్తాను చూసి కొంటడా? క్వింటాలుకు ఎన్ని కిలోల బియ్యం పడ్తయో చూస్తడు. ఇక్కడ కూడా పెట్టిన పాయింట్లకు ఎన్ని గాయాలు పడ్తయో చూడాలె.

ఐదుగురు సిపాయిలున్నరు, మనిషికి ఒక్క షాట్, క్వాలిటీ, అంటే గురి, 4+ అనుకోండి; పాచిక మీద 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే తగిలినట్టు. అయిదింట్ల సగటున 2.5 తగుల్తయి. తగిలినవాటిని ఎదుటోడు తన డిఫెన్స్ పాచికతోని ఆపుకుంటడు. వాని డిఫెన్స్ 4+ అయితే సగం ఆపుతడు, 1.25 గాయాలు మిగుల్తయి. ఇప్పుడు తుపాకులకు ఏపీ 1 (ఎదుటోని డిఫెన్స్‌ను ఒక మెట్టు తగ్గించే గుణం) కొన్నరు. వాని 4+ కాస్తా 5+ అయితది, గాయాలు 1.67కు పోతయి. అంటే మూడోవంతు లాభం. అదే అప్‌గ్రేడ్ డిఫెన్స్ 2+ ఉన్న బరువైన కవచం మీద వాడితే 0.42 కాస్తా 0.83 అయితది, సీదా రెట్టింపు. 5+ మీద పావు వంతే పెరుగుతది. ఇగ 6+ ఉన్న చిల్లర గుంపు మీద ఒక్క పైసా లాభం లేదు, ఎందుకంటే 6 పడితే ఎప్పుడైనా ఆపినట్టే. ఒక్కటే తుపాకి, ఒక్కటే ధర, నాలుగు రకాల ఫలితం.

దాన్ని పాయింట్లతోని పోల్చాలె. లెక్క కోసం 100 పాయింట్ల స్క్వాడ్‌కు ఆ ఏపీ 20 పాయింట్లు అనుకుందాం. ఖర్చు 20 శాతం పెరిగింది కాబట్టి దెబ్బ అంతకన్నా ఎక్కువ పెరగాలె. 25 శాతం పెరిగినా నేనైతే కొనను. తుపాకి బాగైనంత మాత్రాన మనిషి గట్టిపడడు కదా. ఆ ఐదుగురు ఎప్పటిలెక్కనే చస్తరు, మీ 20 పాయింట్లు వాళ్లతోనే పోతయి.

గురి పెంచే అప్‌గ్రేడ్‌ల సంగతి ఉల్టా. 5+ కొట్టేటోడు 4+ అయితే దెబ్బలు 50 శాతం పెరుగుతయి, 3+ వాడు 2+ అయితే 25 శాతమే. మంచి గురి ఉన్నోనికే ఇంకింత గురి కొనుడు పొల్లగాళ్లకు భలే ఇష్టం. ధర ఒక్కటే అయితే మాత్రం గురి లేనోనికి ఇయ్యుండ్రి.

డెడ్లీ 3 ఉన్న ఫిరంగి ఒక్కో గాయాన్ని మూడు చేస్తది గానీ, ఎక్కువైంది పక్కోని మీదికి పోదు. కాబట్టి టఫ్ 3, టఫ్ 6 ఉన్న (చావడానికి మూడు, ఆరు గాయాలు పట్టే) పెద్ద జీవాలకు, బండ్లకే వాడాలె. వార్‌హామర్ 40,000 అనే ఇట్లాంటిదే ఇంకో ఆటలో ఒక్క ఊండ్ ఉన్న (ఒక్క గాయానికే చచ్చే) ఆర్క్ బాయ్ అనే మామూలు సిపాయి మీద లాస్‌కానన్ అనే పెద్ద ఫిరంగి పేలిస్తే కూడా గింతే, చచ్చేది ఒక్కడే.

దూరం లెక్క ఎవ్వరూ వెయ్యరు. టైలర్ టేపు పట్టుకోండి. నాలుగడుగుల వెడల్పు అంటే 48 అంగుళాలు. ఇద్దరూ అంచు నుంచి 12 అంగుళాల లోపల సైన్యం పెడ్తరు, నడుమ 24 మిగుల్తయి. 12 అంగుళాల తుపాకోడు 6 నడిచి కాల్చినా 18 దాకనే అందుతది. ఎదుటోడు ముందుకు రాకపోతే మొదటి రౌండ్ ఖాళీ. ఆట మొత్తం నాలుగే రౌండ్లు, అంటే నాలుగోవంతు ఆడకముందే పోయింది. 24 అంగుళాల తుపాకీకి ఈ బాధ లేదు. దగ్గర తుపాకి ఎంత ఘాటైనా, దాని దెబ్బను మూడు రౌండ్లకే లెక్కెయ్యండి. నేనైతే రెండుకే వేస్త, మా పొల్లగాళ్లు గోడల వెనక దాక్కునుడుల ఆరితేరిన్రు.

వార్‌హామర్ ఆడేటోళ్లకు ఒక్క తేడా. 2023లో వచ్చిన పదో ఎడిషన్‌లో చాలా యూనిట్లకు ఆయుధాల ధర యూనిట్ పాయింట్లలోనే కలిసింది. అక్కడ కొనాల్నా వద్దా అన్న ప్రశ్న లేదు, ఏది పట్టుకోవాలె అన్నదే. పై లెక్కలో పాయింట్ల ముచ్చట తీసేసి, ఎదుటి సైన్యంలో ఎక్కువ కనబడేటోని మీద ఏది బాగా పడ్తదో చూస్తే సరి.

ఈ లెక్కకు దొరకనోడు ఒకడుంటడు. గెలుపు తేలేది చివరికి ఎవరి చేతిలో ఎక్కువ గుర్తులు (టేబుల్ మీద పట్టుకోవాల్సిన జాగాలు) ఉన్నయి అన్నదాని మీద. గుర్తుకు 3 అంగుళాల్లో మనోడు ఉండాలె, శత్రువు ఉండొద్దు. అక్కడ కూసునే చవక స్క్వాడ్ నాలుగు రౌండ్లల్ల ఒక్కన్ని చంపకున్నా గిట్టుబాటే. వాళ్లకు ఒక్క అప్‌గ్రేడ్ కూడా కొనకండి. జాబితా చివర పది పదిహేను పాయింట్లు మిగిల్తే హీరోకు కత్తి కొనబుద్ధైతది. అంతకన్నా ఇంకో అప్‌గ్రేడ్ కూడా తీసేసి, ఇట్లాంటి చవక స్క్వాడ్ ఇంకోటి పడ్తదేమో చూసుకోండి.