ఆండ్రాయిడ్ పాఠాలు – 4: కీబోర్డు తెర మీదికి వచ్చినప్పుడు

గత భాగంలో గ్రంథాలయ సభ్యత్వ ఫారానికి పేరు, ఫోన్ నంబరు, చిరునామా అనే మూడు గడులు, వాటి అడుగున ‘నమోదు’ బటన్ పెట్టి ఆపాము. ఇప్పుడు ఆ యాప్‌ను ఫోనులో నడిపి చిరునామా గడిని తాకండి. కింది నుంచి కీబోర్డు లేస్తుంది. బటన్ దాని వెనక్కి పోవచ్చు, చిన్న తెర అయితే మనం టైపు చేస్తున్న గడి కూడా కనిపించకపోవచ్చు. వివరాలన్నీ నింపిన మనిషికి నమోదు చేసే దారి కనిపించనప్పుడు ఆ ఫారం ఎంత అందంగా ఉన్నా పనికిరాదు గనుక, ఈ భాగమంతా ఆ ఒక్క సమస్యకే కేటాయిస్తున్నాను.

కోడ్ జోలికి వెళ్లే ముందు ఒక సంగతి స్పష్టం కావాలి. తెర మీద కనిపించే కీబోర్డు మన యాప్‌లో భాగం కాదు. అది మన విండోకు పైన, తన సొంత విండోలో నడిచే మరో యాప్. 2009లో ఆండ్రాయిడ్ 1.5 తెర కీబోర్డును తెచ్చినప్పుడే ఇతరులు తయారుచేసిన కీబోర్డులను కూడా వాడుకునే వీలు కల్పించింది. అందువల్ల వాడుకరి ఏ కీబోర్డు పెట్టుకున్నారో, అది ఎంత ఎత్తు ఉంటుందో మనం ముందుగా చెప్పలేము. తెలుగు, ఇంగ్లీషు కీబోర్డుల మధ్య మారినా, పదసూచనల వరుస తెరుచుకున్నా, ఫోనును అడ్డంగా తిప్పినా ఆ ఎత్తు మారవచ్చు. కీబోర్డు ఎత్తును ఒక స్థిర సంఖ్యగా కోడ్‌లో రాయడం కొన్ని పాత ఉదాహరణల్లో కనిపిస్తుంది. దానిని దయచేసి అనుసరించకండి. మనం చేయగలిగినవి రెండే: కీబోర్డును రమ్మనో పొమ్మనో వ్యవస్థను కోరడం, అది ఎంత చోటు ఆక్రమించిందో వ్యవస్థ చెప్పినప్పుడు విని సర్దుకోవడం.

సర్దుకోవడంతో మొదలుపెడదాం. యాప్ వివరాలను వ్యవస్థకు తెలిపే మేనిఫెస్ట్ ఫైలులో యాక్టివిటీకి, అంటే యాప్‌లోని ఒక తెరకు, ‘విండో సాఫ్ట్ ఇన్‌పుట్ మోడ్’ అనే లక్షణం ఉంటుంది. దానికి ‘అడ్జస్ట్ ప్యాన్’ అని విలువ ఇస్తే, టైపు చేస్తున్న గడి కనిపించేంత మేరకు విండోలోని దృశ్యమంతా పైకి జరుగుతుంది. గడి కనిపిస్తుంది గానీ దాని కింది బటన్ కీబోర్డు వెనుకే ఉండిపోవచ్చు, కీబోర్డు మూసేదాకా దానిని చేరే దారి లేకపోవచ్చు. ‘అడ్జస్ట్ రీసైజ్’ అంటే మిగిలిన చోటుకు తగినట్టు లేఅవుట్ (తెర మీది అమరిక) కుదించుకుంటుంది, కాబట్టి ఫారాన్ని స్క్రోల్ వ్యూలో ఉంచితే వాడుకరి కిందికి జరిపి బటన్‌ను చేరుకోగలరు. ఫారాలకు నేను ఎప్పుడూ రెండవదానినే ఎంచుకుంటాను.

అయితే ఇప్పుడు ఆ ఒక్క వరుస చాలదు. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15లో, ఎస్‌డీకే 35ను (ఆ ఆండ్రాయిడ్‌కు చెందిన అభివృద్ధి సాధనాల సంచికను) లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌ల దృశ్యం తెర అంచుల దాకా పరుచుకుంటుంది. అప్పుడు కుదింపు దానంతటదే జరగదు. కీబోర్డు ఆక్రమించిన కొలతను ‘విండో ఇన్‌సెట్స్’ (విండో అంచుల్లో వ్యవస్థ వాడుకున్న చోటు కొలతలు) రూపంలో అందుకుని, ఆ మేరకు అడుగున ప్యాడింగ్ (ఖాళీ) మనమే ఇవ్వాలి. మూల లేఅవుట్‌కు ‘సెట్ ఆన్ అప్లై విండో ఇన్‌సెట్స్ లిజనర్’ (ఆ కొలతలు మారినప్పుడల్లా నడిచే కోడ్) తగిలించి, అందులో ‘సిస్టమ్ బార్స్’ (తెర పైనా కిందా ఉండే వ్యవస్థ పట్టీలు), ‘ఐఎంఈ’ (కీబోర్డు) అనే రెండు రకాలను కలిపి ఒకేసారి అడగండి. కీబోర్డు కొలతను విండో అడుగు నుంచే లెక్కిస్తారు గనుక అందులో నావిగేషన్ బార్ (అడుగున ఉండే వ్యవస్థ పట్టీ) ఎత్తు కూడా చేరి ఉంటుంది. రెంటినీ విడిగా తీసుకుని కూడితే బటన్ కింద అక్కరలేని ఖాళీ మిగులుతుంది. కలిపి అడిగితే రెంటిలో పెద్దదే వస్తుంది. తెరలను కోట్లిన్ కోడ్‌తోనే కట్టే జెట్‌ప్యాక్ కంపోజ్‌లో రాసేవారికి ‘ఐఎంఈ ప్యాడింగ్’ అనే మాడిఫయర్ (భాగానికి తగిలించే లక్షణం) ఈ పనిని చేసిపెడుతుంది. ఏ పద్ధతిలో రాసినా మేనిఫెస్ట్‌లోని ‘అడ్జస్ట్ రీసైజ్’ను తీసేయకండి, ఆండ్రాయిడ్ 11 కంటే పాత ఫోన్లలో కీబోర్డు కొలత సరిగా అందడానికి అది అవసరం.

ఇక కోరడం. తెర తెరుచుకోగానే కీబోర్డు రావాలని, యాక్టివిటీ తయారవుతున్నప్పుడు నడిచే ‘ఆన్ క్రియేట్’లోనే కీబోర్డును రమ్మనే ‘షో’ పిలిచి, అది రాలేదని చాలామంది తికమక పడతారు. అప్పటికి మన విండోకు ఫోకస్ (టైపు చేసినది అందుకునే హోదా) రాలేదు కాబట్టి ఆ కోరిక వృథా అవుతుంది. ముందు గడికి ఫోకస్ ఇవ్వాలి, విండోకు ఫోకస్ వచ్చాకే కీబోర్డును అడగాలి. పొమ్మనడానికి, కీబోర్డును చూపించి దాచే ‘విండో ఇన్‌సెట్స్ కంట్రోలర్’ మీద ‘హైడ్’ పిలిస్తే చాలు.

ఏ కీబోర్డు కావాలో కూడా సూచించవచ్చు. ఫోన్ గడికి ‘ఇన్‌పుట్ టైప్’ విలువ ‘ఫోన్’ అని ఇస్తే అంకెల పలక వస్తుంది. పేరు గడికి ‘యాక్షన్ నెక్స్ట్’ ఇస్తే ఎంటర్ మీట తరువాతి గడికి తీసుకువెళ్తుంది. చిరునామా గడిలో పలు వరుసలు ఉంటాయి గనుక అక్కడ ఎంటర్‌ను కొత్త వరుసకే వదిలేయండి.

తెలుగులో టైపు చేసేవారి కోసం మరో రెండు జాగ్రత్తలు. టైపు చేసిన ప్రతి అక్షరానికీ కీబోర్డు ‘కీ ఈవెంట్’ (మీట నొక్కినట్టు తెలిపే సందేశం) పంపుతుందన్న హామీ లేదు. ఒక్కోసారి మాట మొత్తాన్ని ఒకేసారి గడిలో పెడుతుంది. కాబట్టి మార్పులను, గడిలోని పాఠం మారినప్పుడల్లా నడిచే ‘టెక్స్ట్ వాచర్’ ద్వారానే గమనించండి. రెండవది, గడిలో పట్టే అక్షరాలకు పరిమితి పెట్టే ‘మ్యాక్స్ లెంగ్త్’ మన కంటికి కనిపించే అక్షరాలను కాక యూనికోడ్ సంకేతాలను లెక్కిస్తుంది. ‘లక్ష్మీనారాయణ’ కంటికి 6 అక్షరాలే అయినా గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కకు వచ్చి 13 అవుతాయి. పరిమితి 10 అని పెడితే ఆ పేరు ‘లక్ష్మీనార’ దగ్గరే ఆగిపోతుంది. ఒకరి పేరును సగంలో తెంచే ఫారాన్ని మనం ఎవరి చేతికీ ఇవ్వకూడదు, కాబట్టి పేరు గడికి పరిమితిని ధారాళంగా ఉంచండి.

అభ్యాసంగా, మీ ఫారాన్ని తెలుగు కీబోర్డుతో ఒకసారి, ఇంగ్లీషు కీబోర్డుతో ఒకసారి నింపండి. ఆ తరువాత ఫోనును అడ్డంగా తిప్పి మళ్లీ నింపండి. మూడుసార్లూ కీబోర్డు మూయకుండానే ‘నమోదు’ బటన్‌ను చేరుకోగలగాలి. అయిదవ భాగంలో ఆ బటన్ నొక్కినప్పుడు వివరాలను సరిచూసి, తప్పున్న గడికి ఫోకస్‌ను తిరిగి తీసుకువెళ్లడం నేర్చుకుందాం.