శిలాజ చేపను గుర్తుపట్టడం – 4వ పాఠం: నైటియానా, డిప్లోమిస్టసా?

నైటియా, డిప్లోమిస్టస్ రెండూ ఇప్పుడు శిలాజాలుగా మాత్రమే దొరికే పాతకాలపు చేపలు. పోయిన పాఠంలో గుర్తుపట్టమని ఇచ్చిన ఆరు బొమ్మల్లో నాలుగోదాన్ని దాదాపు అందరూ నైటియా అన్నారు. అది డిప్లోమిస్టస్ పిల్ల. తప్పులో సగం నాదే. "నైటియా చిన్నది, చాలావరకు అరచేతిలో పట్టేస్తుంది" అని రాసి ఊరుకున్నాను. డిప్లోమిస్టస్ 60 సెంటీమీటర్లు దాటి పెరిగేది, నిజమే. కానీ పుట్టగానే అంత ఉండదు కదా! అందుకే ఈసారి కొత్త చేప లేదు, ఈ రెండింటినీ వేరుగా గుర్తుపట్టడమే పాఠం.

దొరికిన చోటును బట్టి కూడా తేల్చలేం. రెండూ అమెరికాలోని వయోమింగ్‌లో, సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి ఒకే సరస్సు రాళ్లలో దొరుకుతాయి. కొందరు వీపు మీద గట్టి పలకలు చూసి డిప్లోమిస్టస్ అని రాశారు. ఆ పలకలు నైటియాకీ ఉంటాయి.

చూడాల్సింది పొట్ట కింద, తోకకు ముందున్న రెక్క. పుస్తకాల్లో పాయు వాజం అంటారు. నైటియాకి అది పొట్టిది. డిప్లోమిస్టస్‌కి పొట్ట దగ్గర మొదలై దాదాపు తోక దాకా, చీర అంచులా సాగుతుంది. డిప్లోమిస్టస్ నోరు పైకి తిరిగి ఉంటుంది కానీ, నేను దాన్ని నమ్మను. రాతిలో నలిగిన దవడ ఎటైనా తిరగొచ్చు. అందుకే శిలాజంలో చేప తలను బొటనవేలితో మూసేసి మిగతాది చూడటం నా అలవాటు.

ఇక్కడే నాకు చిరాకు తెప్పించే పొరపాటు ఒకటుంది. రెక్క పుల్లలు సగం ఊడిపోతే మిగిలిన ముక్కను కొలిచి "పొట్టిది, కాబట్టి నైటియా" అనేస్తారు. పుల్లలు కాదు, వాటి మొదళ్లు చూడండి. రెక్కను మోసే సన్నటి ఎముకలు ఒంటి లోపల దువ్వెన పళ్లలా వరసగా ఉంటాయి. పుల్లలు పోయినా అవి చాలాసార్లు మిగులుతాయి. ఆ వరస ఎంత దూరం ఉంటే రెక్క అంత పొడవుండేది. ఇంకో సంగతి, అమ్మకానికి పెట్టిన రాళ్లలో ఊడిన రెక్కను రంగుతో గీసేస్తుంటారు. భూతద్దంలో పుల్లల కణుపులు కనిపించాలి. నున్నగా గీతలే ఉంటే అనుమానించండి.

అభ్యాసం: రెండు చేపలవీ కలిపి ఇరవై ఫోటోలు తీసుకోండి. తలలు మూసి, ఒక్కోదానిలో ఆ ఎముకల వరస మొదలు, చివర గుర్తుపెట్టి పేరు రాయండి. పక్కన కారణం కూడా రాయాలి. "చిన్నగా ఉంది" అని రాస్తే పేరు సరైనదైనా సున్నాయే.