పాత కోత ఉన్న పొట్టలోకి మొదటి సూది

పొట్ట మధ్యలో నిలువు కోతతో ఇంతకుముందు ఆపరేషన్ అయిన పేషెంటుకి లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) చేస్తున్నారా? పొట్టలోకి గ్యాస్ నింపే వెరెస్ సూదిని బొడ్డు దగ్గర దించకండి, లోపల పేగు అతుక్కుని ఉండొచ్చు. పామర్ పాయింట్ నయం: ఎడమ పక్కటెముకల అంచుకి 3 సెం.మీ. కింద, కాలర్‌బోన్ మధ్య నుంచి దిగే గీత మీద. ముందు ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబుతో కడుపు ఖాళీ చేయించాలి. హడావిడిలో మర్చిపోయేది ఇదే. ప్లీహం లేదా కాలేయం బాగా పెరిగినా, జీర్ణాశయానికో ప్లీహానికో పాత సర్జరీ ఉన్నా ఈ చోటు వద్దు.

సూది దిగాక అది సరైన చోటే ఉందో తెలియాలంటే గ్యాస్ మొదటి ప్రెషర్ 10 ఎంఎం హెచ్‌జీ లోపు ఉందా చూడండి. సూది మీద వేసిన సెలైన్ చుక్క లోపలికి జారుతుందా అని చూసే పరీక్ష కంటే నేను దీన్నే నమ్ముతాను. రెండు మూడుసార్లు ప్రయత్నించినా కుదరలేదంటే మొండికెయ్యకుండా చిన్న కోత పెట్టి చూస్తూ లోపలికి వెళ్లే ఓపెన్ పద్ధతికి మారిపోండి. టేబుల్‌ని తల కిందికి వంచడం పోర్టు (కెమెరా, పరికరాలు దూర్చే గొట్టం) పడ్డాకే.